డ్రాప్‌షిప్ దిగేదెక్కడ?

కక్ష్యలో తిరిగే నౌక నుంచి విడివడి, మబ్బుల్లోంచి కిందికి దూకి, నేల దగ్గరపడగానే ఇంజిన్లను కిందికి తిప్పి, శత్రువు నడిబొడ్డున ఆగే విమానం. వెనుక తలుపు తెరుచుకుంటుంది, సైనికులు దిగుతారు, విమానం నిట్టనిలువుగా లేచి వెళ్లిపోతుంది. సైన్స్ ఫిక్షన్ అభిమానులు దీన్ని డ్రాప్‌షిప్ అంటారు. నవలల్లో మొలకెత్తి, సినిమాల్లో పెరిగి, వీడియో గేముల్లో స్థిరపడిన ఈ యంత్రాన్ని నిజంగా కట్టగలమా అన్న వాదన ఇప్పుడు బాగా చిక్కుపడింది. ఇంజనీర్లు ఇంజిన్ శక్తి గురించి మాట్లాడతారు, సైన్యాధికారులు వేగం గురించి, విమర్శకులు క్షిపణుల గురించి. ఎవరి మాటా తప్పు కాదు. అయితే వాళ్లు జవాబు చెబుతున్నది వేర్వేరు ప్రశ్నలకు. ఈ వాదాలన్నిటినీ ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇలాంటి విమానం భవితవ్యం ఆకాశంలో ఎంత వేగంగా పోతుందన్న దానికన్నా, నేలకు ఆఖరి వంద అడుగుల్లో ఏం జరుగుతుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. కథలు దాచిపెట్టే ఖర్చు అక్కడే ఉంది. నిజమైన విమానాలు ప్రాణాలతో చెల్లించిన ఖర్చులో పెద్ద భాగమూ అక్కడిదే.

కథల్లో రూపుదిద్దుకున్న తీరు

రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నవలలో సైనికులు విమానంలో దిగరు. ఒక్కొక్కరూ ఒక్కో గుళికలో కక్ష్య నుంచి జారతారు. వాళ్లను వెనక్కి తీసుకుపోవడానికి మాత్రమే ఒక పడవ లాంటి నౌక నేలకు వస్తుంది. పెద్ద వాహనాన్ని శత్రువు ముందు నేల మీద నిలబెట్టడం ఎంత ప్రమాదమో ఆ రచయిత గ్రహించాడనే అనిపిస్తుంది. 1965లో బ్రిటిష్ టీవీలో మొదలైన 'థండర్‌బర్డ్స్' బొమ్మల ధారావాహికలో థండర్‌బర్డ్ 2 అనే భారీ రవాణా విమానం నిట్టనిలువుగా లేచి, కడుపులోని పెట్టెను నేల మీద వదిలేది. అది యుద్ధానికి కాదు, ప్రమాదాల్లో చిక్కుకున్నవారిని కాపాడటానికి. అయినా బరువైన సరుకుతో ఎక్కడైనా దిగగల విమానం అన్న ఊహను ఇంటింటికీ చేర్చింది.

ఈ రూపానికి పూర్తి సైనిక వేషం కట్టింది జేమ్స్ కామెరాన్ 1986లో తీసిన 'ఏలియన్స్'. అందులోని యూడీ-4ఎల్ షయాన్ ఒక సాయుధ వాహనాన్ని, అందులోని దళాన్ని మోస్తుంది. రెక్కల కింద ఆయుధాలు విచ్చుకుంటాయి. జెట్ ధాటి మీద నేలకు దిగుతుంది. 2001లో వచ్చిన 'హేలో' ఆటలోని పెలికాన్ ఆ వంశంలోదే. అదే కామెరాన్ 2009లో 'అవతార్'కు వచ్చేసరికి దారి మార్చుకున్నాడు. అక్కడి శాంసన్‌ను జెట్‌లకు బదులు గొట్టాల్లో తిరిగే పెద్ద రోటర్లు మోస్తాయి. 2014 నాటి 'ఎడ్జ్ ఆఫ్ టుమారో'లోనూ దళాలను మోసే విమానాలు ఇరుపక్కలా వంగే రోటర్లతోనే ఎగురుతాయి. జెట్ నుంచి రోటర్ వైపు సాగిన ఈ మలుపు యాదృచ్ఛికమో కాదో చెప్పలేం గానీ, నిజమైన విమానాలు నడిచిన దారికి అది దగ్గరగా ఉంది. కథల్లోని ఈ విమానాలన్నీ మూడు వాగ్దానాలు చేస్తాయి: జెట్ వేగం, కవచపు బరువు, ఎక్కడైనా దిగే స్వేచ్ఛ. మూడూ ఒకే యంత్రంలో ఇముడుతాయా అన్నదే అసలు వివాదం.

కార్ఖానాల్లో జరిగిన ప్రయత్నాలు

1956 నవంబరులో సూయజ్ యుద్ధంలో బ్రిటిష్ మెరైన్లు హెలికాప్టర్లలో దిగి దాడి చేశారు. వాటి వేగం చాలదని అప్పటికే తెలుసు. 1957లో ఎగిరిన బ్రిటన్ రోటోడైన్ పైన రోటర్‌తో లేచి, రెక్కల మీది ప్రొపెల్లర్లతో ముందుకు సాగేది. 1959లో గంటకు 307 కిలోమీటర్ల వేగంతో రికార్డు కూడా నెలకొల్పింది. రోటర్ కొసల్లో అమర్చిన జెట్‌ల రొద దాన్ని వెంటాడింది. 1962లో పథకం రద్దయింది. అమెరికా 1964లో ఎగరేసిన ఎక్స్‌సీ-142 రెక్క మొత్తాన్నీ పైకి వంచేది. 32 మంది సైనికులను మోయగలిగేలా అయిదు విమానాలు కట్టారు. ఇంజిన్లను కలిపే షాఫ్టుల చిక్కులు, కంపనాలు, ప్రమాదాలు దాన్ని ప్రయోగ దశ దాటనివ్వలేదు.

కథల్లోని డ్రాప్‌షిప్‌కు నిజ జీవితంలో అతి దగ్గరి బంధువు పశ్చిమ జర్మనీ డోర్నియర్ డీఓ-31. 1967 ఫిబ్రవరిలో తొలిసారి ఎగిరింది. 36 మంది సైనికులను మోయాలన్న లక్ష్యంతో కట్టిన ఈ విమానానికి రెండు పెగసస్ ఇంజిన్లు, రెక్కల చివరి గొట్టాల్లో ఒక్కో వైపు నాలుగు చొప్పున ఎనిమిది లిఫ్ట్ జెట్‌లు ఉండేవి. నిట్టనిలువుగా లేవడం, జెట్ వేగంతో పోవడం, మళ్లీ నిలువుగా దిగడం అన్నీ చేసి చూపించింది. అంటే 'జరగదు' అన్నవాళ్ల నోరు అది ఎప్పుడో మూయించింది. కానీ దిగేటప్పుడు, లేచేటప్పుడు నిమిషాల సేపు పనిచేసే ఆ ఎనిమిది ఇంజిన్లు మిగతా ప్రయాణమంతా మోయక తప్పని బరువు. సరుకుకు, ఇంధనానికి దక్కాల్సిన చోటు అవే తినేశాయి. 1970లో పథకాన్ని ఆపేశారు. జెట్‌ల మీద నిలువుగా లేచే రవాణా విమానాన్ని ఆ తర్వాత ఏ దేశమూ ఎగరేయలేదు.

కక్ష్య నుంచి దిగడం గురించి కూడా కాగితాల మీద కసరత్తు జరిగింది. 1960లలో డగ్లస్ కంపెనీ ఇంజనీరు ఫిలిప్ బోనో, 1,200 మంది సైనికులను ఖండాంతరానికి మోసుకుపోయి నిలువుగా దిగే ఇథాకస్ అనే రాకెట్‌ను ప్రతిపాదించాడు. దిగాక ఖాళీ ట్యాంకులతో నిలబడే అంత పెద్ద రాకెట్‌ను అక్కడినుంచి ఎలా కదిలించాలన్న ప్రశ్న దాని మెడకు చుట్టుకుంది.

చివరికి ఒక దారిని ముందుకు తోసింది ఓ వైఫల్యం. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలను విడిపించబోయిన అమెరికన్ దళం ఎడారిలోనే ఆగిపోయింది. పనికివచ్చే హెలికాప్టర్లు చాలక పథకాన్ని విరమించుకుని తిరిగి వెళ్లబోతుండగా, లేచిన దుమ్ములో ఒక హెలికాప్టర్ రవాణా విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. దూరం, వేగం, నిలువుగా దిగడం మూడూ కలిసిన యంత్రం కావాలన్న పట్టుదల అక్కడినుంచి బలపడింది. రోటర్లను పైకీ ముందుకీ తిప్పే వి-22 ఆస్ప్రే 1989లో ఎగిరింది, 2007లో మెరైన్ దళంలో విధుల్లో చేరింది. 24 మంది సైనికులతో గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు.

మూడు వాదాలు

మొదటి వాదం శక్తివాదుల సొంతం. ఇంజిన్ల సామర్థ్యం ఏటా పెరుగుతోంది కాబట్టి డీఓ-31 ఓడింది తన కాలపు ఇంజిన్ల చేతిలోనే అని వాళ్లంటారు. హ్యారియర్, ఎఫ్-35బీ యుద్ధ విమానాలు జెట్ ధాటి మీదే దిగుతున్నాయి కదా, సైనికులను మోసే విమానం మాత్రం ఎందుకు దిగదు అన్నది వాళ్ల ప్రశ్న.

రెండో వాదం రాజీవాదులది. జెట్ వేగాన్ని కొంత వదులుకుని, పెద్ద రోటర్లతో దిగడమే సరైన దారి అని వీరి నమ్మకం. ఇందులోనూ రెండు శాఖలున్నాయి. ఒకటి రోటర్లను వంచే టిల్ట్‌రోటర్. రెండోది ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు గట్టి రోటర్లకు తోక దగ్గర తోసే ప్రొపెల్లర్‌ను కలిపే పద్ధతి. బ్లాక్ హాక్ హెలికాప్టర్ల స్థానాన్ని భర్తీ చేయడానికి అమెరికా సైన్యం పెట్టిన పోటీలో మొదటి శాఖ నుంచి బెల్ వి-280, రెండో దాని నుంచి సికోర్‌స్కీ-బోయింగ్ డిఫయంట్ తలపడ్డాయి. 2022 డిసెంబరులో బెల్ నెగ్గింది. ఆ విమానానికి ఎంవీ-75 అని పేరు పెట్టారు.

మూడోది సందేహవాదం. శత్రువు ఎదురుగా ఏ విమానాన్నీ దించకూడదు, అది ఎంత గొప్పదైనా సరే అన్నది వీళ్ల మాట. ఇందుకు వాళ్లు చూపే ఉదాహరణలు బలమైనవే. 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో భారత శాంతిదళం రాత్రివేళ హెలికాప్టర్లలో దింపిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ దళంలో ఒక్కరు తప్ప అందరూ నేలకొరిగారు. ఎల్‌టీటీఈ అక్కడ ముందే కాచుకుని ఉంది. 2022 ఫిబ్రవరి 24న కీవ్ పక్కనున్న హోస్టోమెల్ విమానాశ్రయంలో రష్యా హెలికాప్టర్లతో దళాలను దింపగలిగింది కానీ, వెనుక పెద్ద విమానాల్లో రావాల్సిన బలగం అక్కడ దిగలేకపోయింది. దీనికి ఎదురుగా రాజీవాదులు 1971 డిసెంబరు నాటి బంగ్లాదేశ్ యుద్ధాన్ని గుర్తుచేస్తారు. ఆశుగంజ్ వంతెన కూలిపోయాక లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ ఎంఐ-4 హెలికాప్టర్లతో దళాలను మేఘనా నది దాటించి ఢాకా దారి తెరిచారు. ఆ విజయంలోనూ కీలకం శత్రువు గట్టిగా కాపలా కాయని చోటు ఎంచుకోవడమే. రెండు పక్షాల ఉదాహరణలూ విమానం గొప్పదనం గురించి చెప్పేది తక్కువ, దిగిన నేల గురించి చెప్పేది ఎక్కువ.

గాలి చెప్పే లెక్క

ఈ వాదాల మధ్య తీర్పు చెప్పగల ఒక కొలత ఉంది. గాలిలో నిలిచే ఏ యంత్రమైనా తన బరువుకు సరిపడా గాలిని కిందికి తోయాలి. ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయవచ్చు, లేదా కొద్ది గాలిని వేగంగా తోయవచ్చు. బరువును గాలి తోసే వృత్తాల వైశాల్యంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఆ యంత్రం స్వభావాన్ని చాలావరకు చెప్పేస్తుంది. ఇంజనీర్లు దీన్ని డిస్క్ లోడింగ్ అంటారు. రెండు పెద్ద రోటర్ల చినూక్ హెలికాప్టర్‌కు నిండు బరువులో ఇది చదరపు మీటరుకు సుమారు 43 కిలోలు. వి-22కు సుమారు 113 కిలోలు. సినిమా డ్రాప్‌షిప్ లాంటి 30 టన్నుల విమానాన్ని మొత్తం 10 చదరపు మీటర్ల జెట్ రంధ్రాల మీద నిలబెడతామనుకుంటే అది 3,000 కిలోలకు చేరుతుంది.

ఈ సంఖ్యలు నేల మీద ఏమవుతాయో చూద్దాం. సముద్రమట్టం దగ్గరి గాలిలో, ఏ నష్టాలూ లేని ఆదర్శ లెక్క ప్రకారం, చినూక్ కింది గాలి గంటకు 94 కిలోమీటర్ల వేగానికి చేరుతుంది. వి-22 కింద అది సుమారు 153 కిలోమీటర్లు. వాతావరణ శాఖ అతి తీవ్ర తుపాను అని ప్రకటించే గాలుల శ్రేణిలోకి వస్తుంది. మన ఊహా డ్రాప్‌షిప్ కింద దాదాపు 790 కిలోమీటర్లు. టన్ను బరువును నిలబెట్టడానికి కావలసిన శక్తి కూడా అదే వరుసలో సుమారు 130, 210, 1,075 కిలోవాట్లు. ఈ లెక్కలో శక్తి కన్నా గాలి వేగమే ముఖ్యమైన సంఖ్య. ఆ గాలి సైనికుల మీద, రాళ్ల మీద, ఇసుక మీద, ఆ ఇసుకను పీల్చే ఇంజిన్ల మీద పడుతుంది. జెట్ అయితే వేడి కూడా తోడవుతుంది.

చరిత్రలోని ప్రమాదాలను ఈ లెక్క వెలుగులో చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. 2000 ఏప్రిల్‌లో అరిజోనాలోని మరానా దగ్గర వి-22 ఒకటి తక్కువ వేగంతో మరీ త్వరగా కిందికి దిగుతూ, తాను తోసిన గాలి సుడిలో తానే చిక్కుకుంది. 19 మంది మెరైన్లు చనిపోయారు. 2015లో హవాయిలో దిగుతున్న వి-22 లేపిన దుమ్మును దాని ఇంజిన్లే పీల్చుకుని శక్తి కోల్పోయాయి. ఇద్దరు మరణించారు. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటి ఆవరణలో దిగబోయిన బ్లాక్ హాక్, ఎత్తయిన ప్రహరీ మధ్య గాలి తిరగబడి పట్టుతప్పి కూలింది. అదనపు హెలికాప్టర్ సిద్ధంగా ఉండబట్టి ఆ దళం తిరిగి రాగలిగింది. వేర్వేరు చోట్లు, వేర్వేరు కారణాలు. అన్నీ నేలకు దిగే ఘడియల్లోనే, కిందికి తోసిన గాలితో ముడిపడ్డవే.

ఆక్షేపణలు, వాటి బరువు

భవిష్యత్ ఇంజిన్లకు, ఉదాహరణకు సంలీన శక్తికి, ఈ లెక్క వర్తించదన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. శక్తి చవకైతే టన్నుకు ఎన్ని కిలోవాట్లయితేనేం అని ఆక్షేపించేవాళ్లంటారు. అది శక్తి లెక్కకు జవాబవుతుంది, గాలి లెక్కకు కాదు. కిందికి పోయే గాలి వేగాన్ని నిర్ణయించేది బరువు, వైశాల్యం, గాలి సాంద్రత. శక్తి బొగ్గు నుంచి వచ్చిందా అణువు నుంచి వచ్చిందా అన్నది నేలకు తెలియదు. గురుత్వాన్నే రద్దు చేసే యంత్రం ఉందని ఊహిస్తే చిక్కు తీరుతుంది గానీ, అప్పుడిక విమానం గురించి మాట్లాడుతున్నట్టు కాదు. 'అవతార్' ఇక్కడ కొంత తెలివి చూపింది. పండోరాలో గురుత్వం తక్కువ, గాలి చిక్కన. రోటర్‌కు రెండూ కలిసొస్తాయి.

శక్తివాదులు చూపే హ్యారియర్, ఎఫ్-35బీ ఉదాహరణకు జవాబు ఆ విమానాలు దిగే చోట్లలోనే ఉంది. హ్యారియర్లు బయటి స్థావరాల్లో ఎక్కువగా లోహపు పలకలు పరిచిన చోటే దిగేవి. ఎఫ్-35బీ కోసం నౌకల డెక్ మీద వేడిని తట్టుకునే పూత పూయాల్సి వచ్చింది. వి-22 ఇంజిన్ల వేడి కూడా డెక్‌లకు తలనొప్పి అయింది. పైగా యుద్ధ విమానం ఒక పైలట్‌తో సిద్ధం చేసిన చోట దిగుతుంది. దళాన్ని మోసే విమానం సిద్ధం కాని నేల మీద దిగాలి, తలుపు తెరవగానే ఆ గాలిలోంచే మనుషులు బయటికి పరుగెత్తాలి.

కథను కొలబద్దతో కొలవడం అన్యాయమన్న మాటా ఉంది. దీనిలో న్యాయం ఉంది. కానీ మంచి కథలు ఈ బలహీనతను దాచకుండా దాని మీదే నడిచాయి. 'ఏలియన్స్'లో దళాన్ని తీసుకుపోవడానికి వస్తున్న డ్రాప్‌షిప్ కూలడంతోనే అసలు కథ బిగుసుకుంటుంది. అబోటాబాద్‌లోలా సిద్ధంగా ఉన్న అదనపు విమానం ఆ సైనికుల దగ్గర లేదు, రెండో డ్రాప్‌షిప్ కక్ష్యలోని నౌకలోనే ఉంది.

ఒకచోట పేర్చి చూస్తే

శక్తివాదానికి దక్కేది వేగం, చూపులకు గంభీరత. పోయేది దిగే స్వేచ్ఛ. సిద్ధం చేసిన నేల లేనిదే అది నిలవదు. టిల్ట్‌రోటర్‌కు దక్కేది పాత హెలికాప్టర్లకు దాదాపు రెట్టింపు వేగం, దూరం. పోయేది సరళత. 2023 నవంబరులో జపాన్‌లోని యకుషిమా దగ్గర గేర్‌బాక్స్ పాడై వి-22 కూలి ఎనిమిది మంది మరణించారు. ఆ విమానాలన్నిటినీ నెలల తరబడి నేలకు దించేశారు. ఇంజిన్లు ఆగితే రోటర్ల స్వేచ్ఛా భ్రమణం మీద హెలికాప్టర్‌లా నిదానంగా దిగే అవకాశమూ వి-22కు తక్కువ. డిఫయంట్ తరహా పద్ధతి ఇరుకు చోట్ల దిగడంలో హెలికాప్టర్‌కు దగ్గరగా ఉంటుంది, వేగంలో టిల్ట్‌రోటర్‌కు వెనుకబడుతుంది. సందేహవాదానికి దక్కేది జాగ్రత్త. దళాన్ని దూరంగా దించి నడిపిస్తే సమయం పోతుంది, ఆ సమయమే కొన్నిసార్లు యుద్ధం. ఇన్ని పద్ధతుల్లో ఏదీ మూడు వాగ్దానాలనూ ఒక్కసారే నిలబెట్టుకోలేదు. వేగం, కవచం, ఎక్కడైనా దిగడం అనే మూడింట్లో రెండు ఎంచుకోమంటుంది భౌతికశాస్త్రం. కవచం బరువును పెంచుతుంది, బరువు కింది గాలిని పెంచుతుంది, గాలి దిగే చోట్లను తగ్గిస్తుంది.

ఎంవీ-75 రూపకల్పనలోనూ ఇదే దిశ ఉంది. దాని డిస్క్ లోడింగ్ వి-22 కంటే తక్కువ. ఇంజిన్లు వంగవు, రోటర్లు మాత్రమే వంగుతాయి, అందువల్ల వేడి పొగ నేరుగా నేలను తాకదు. సైనికులు పక్క తలుపుల్లోంచి దిగేటప్పుడు ఇంజిన్ అడ్డం రాదు. కొత్త తరం పాఠం నేర్చుకున్నది ఇంజిన్ శక్తి దగ్గర కన్నా తలుపు దగ్గర ఎక్కువ.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఇప్పుడే జవాబు లేదు. రోటర్లతో దిగి, పైకి వెళ్లాక వాటిని ఆపి మడిచి జెట్‌తో సాగే విమానం కోసం అమెరికా డార్పా సంస్థ స్ప్రింట్ పథకం నడుపుతోంది. గంటకు 700 కిలోమీటర్లు దాటాలన్నది లక్ష్యం. అది నెగ్గితే వేగానికీ మెత్తని దిగుడుకూ మధ్య ఉన్న పాత రాజీ సడలుతుంది. కానీ మడిచే యంత్రాంగం బరువు, దాని నమ్మకం యుద్ధభూమిలో ఎలా ఉంటాయో తెలియాలి. పైలట్ లేని విమానాల సంగతి మరొకటి. ముందుగా వాటిని పంపి దిగే చోటును జల్లెడ పట్టి, ఆ తర్వాతే మనుషుల్ని దింపితే సందేహవాదుల ఆక్షేపణలో సగం తగ్గుతుంది. చవకైన డ్రోన్లు శత్రువుకూ అందుబాటులో ఉన్నాయి కాబట్టి మిగతా సగం పెరగనూ వచ్చు. రాకెట్‌తో దళాల్ని దించే ఆలోచన మళ్లీ వినిపిస్తున్నా ఇథాకస్‌ను ఆపిన ప్రశ్న అలాగే ఉంది: దిగిన రాకెట్‌ను అక్కడినుంచి కదిలించేదెలా?

కాబట్టి 'డ్రాప్‌షిప్‌ను కట్టగలమా' అని అడగడం మానేస్తే ఈ వాదన ముందుకు కదులుతుంది. డీఓ-31 ఆ ప్రశ్నకు 1967లోనే ఔనని చెప్పింది, మూడేళ్లకే కనుమరుగైంది. ఇకపై ఏ నమూనా వచ్చినా అడగాల్సినవి నాలుగు: దాని కింద గాలి ఎంత, ఏ నేల మీద దిగుతుంది, దిగిన మనిషి ఎన్ని క్షణాల్లో దూరం జరగగలడు, అది కూలితే వెనుక మరొకటి ఉందా. వీటికి సంఖ్యలతో జవాబు చెప్పే విమానం సినిమా పోస్టర్‌లోని దానికన్నా నెమ్మదిగా, పలచగా, పెద్ద రోటర్లతో ఉంటుంది. చెప్పలేని విమానం ఎంత వేగంగా ఎగిరినా, సైనికుల్ని యుద్ధం దాకా తీసుకెళ్లి ఆఖరి వంద అడుగులు వాళ్ల అదృష్టానికి వదిలేస్తుంది.